గజం బట్ట మీద ఆరుంపావు సెంట్లు: అమెరికా తొలినాళ్ళలో జాతీయత, ప్రాంతీయత

అందరికీ నమస్కారం.

ఇవాళ్టి అంశం పేరులో పెద్ద పెద్ద మాటలున్నాయి. జాతీయత, ప్రాంతీయత, రాజకీయం. వాటిని కాసేపు పక్కన పెట్టి, ఒక తాను ముతక నూలు బట్టతో మొదలుపెడదాం. ఆ తాను మన దేశంలో నేసిందే. బెంగాల్‌లో కొని, కలకత్తా రేవులో ఓడకెక్కించి, మసాచుసెట్స్ తీరంలో దింపిన బట్ట. మసాచుసెట్స్, దాని చుట్టుపక్కల ఈశాన్య రాష్ట్రాలను కలిపి న్యూ ఇంగ్లండ్ అంటారు. అక్కడి ఓడల వర్తకులకు అప్పట్లో అది మంచి వ్యాపారం.

1816 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ ఒక సుంకాల చట్టం చేసింది. దిగుమతయ్యే నూలు బట్ట మీద సుంకం 25 శాతం. వినడానికి మరీ ఎక్కువేమీ కాదు. అసలు సంగతి ఆ పక్క వాక్యంలో ఉంది. చదరపు గజం ఖరీదు 25 సెంట్ల కంటే తక్కువున్న బట్టను కూడా 25 సెంట్ల బట్టగానే లెక్కకట్టాలి అన్నారు. అంటే ఎంత చవక బట్టయినా గజానికి ఆరుంపావు సెంట్లు కట్టి తీరాల్సిందే. ఇప్పుడు లెక్క వేయండి. 25 సెంట్ల మేలిరకం బట్ట మీద సుంకం పావు వంతు. 10 సెంట్ల బట్ట మీద అరవై రెండున్నర శాతం. 6 సెంట్ల ముతక బట్ట మీద నూరు శాతం దాటిపోతుంది. చట్టంలో మన దేశం పేరు ఎక్కడా లేదు. కానీ దెబ్బ తగిలింది మాత్రం ఇక్కడి నుంచి వెళ్ళే ముతక బట్టకే. ఇంగ్లండ్ నుంచి వచ్చే నాణ్యమైన బట్టకు పెద్దగా నష్టం లేదు.

ఈ నిబంధన కోసం వాషింగ్టన్‌లో కూర్చుని సభ్యులను ఒప్పించినవాడు ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్. మసాచుసెట్స్‌లోని వాల్తమ్‌లో 1814లో మరమగ్గాలతో మిల్లు నడిపించిన మనిషి. ఆ మిల్లులో తయారయ్యేది సరిగ్గా ఆ ముతక రకమే. దాన్ని వ్యతిరేకించినవాళ్ళు ఎవరో తెలుసా? అదే మసాచుసెట్స్‌లో కలకత్తా సరుకు తెచ్చే ఓడల యజమానులు. ఒకే రాష్ట్రం, ఒకే సముద్రతీరం. మిల్లుకు ఒక సుంకం కావాలి, ఓడకు ఇంకొకటి కావాలి. ప్రాంతీయత అంటే ఉత్తరం, దక్షిణం అని పటం మీద గీసిన గీత అనుకుంటాం గానీ, అది మొదట పుట్టేది ఎవరు ఏం అమ్ముతున్నారు, ఎవరు ఏం కొంటున్నారు అన్న లెక్కలోంచి. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదల్లా ఈ ఒక్క విషయమే. దేశాన్ని కలపడానికి వేసిన ప్రతి ముడి దగ్గరా ఎవరికి ఎంత లాభం, ఎవరి మీద ఎంత భారం అన్న లెక్క ఉంది. ఆ లెక్కల అడుగున బానిసత్వం ఉంది. ఉపన్యాసాలు వింటే జాతీయత కనిపిస్తుంది. సుంకాల పట్టీ, ఓట్ల పట్టీ చూస్తే ప్రాంతీయత కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

కాస్త వెనక్కి వెళదాం. 1812లో బ్రిటన్‌తో మొదలైన యుద్ధం అమెరికాకు చాలా లోపాలు చూపించింది. సైనికులకు జీతాలివ్వడానికి చేతిలో డబ్బు లేదు, అప్పు పుట్టించడానికి జాతీయ బ్యాంకు లేదు. మొదటి బ్యాంకు గడువు 1811లోనే తీరిపోయింది. ఫిరంగులు తరలించడానికి రోడ్లు లేవు. 1814 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్‌లోని ఫెడరలిస్టు పార్టీ వాళ్ళు కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో సమావేశమై తమ కోర్కెలు రాసుకున్నారు. యుద్ధం ప్రకటించాలన్నా, కొత్త రాష్ట్రాన్ని చేర్చుకోవాలన్నా కాంగ్రెస్‌లో మూడింట రెండు వంతుల మెజారిటీ ఉండాలి. వరుసగా ఒకే రాష్ట్రం నుంచి అధ్యక్షులు రాకూడదు. బానిసల సంఖ్యను బట్టి దక్షిణాదికి అదనపు సీట్లిచ్చే నిబంధన పోవాలి. గమనించండి, రాష్ట్రాల హక్కుల పేరు చెప్పి కేంద్రాన్ని ఎదిరించిన ఈ జట్టు దక్షిణాది కాదు, ఉత్తరాది. వాళ్ళ దూతలు వాషింగ్టన్ చేరేసరికి న్యూ ఆర్లీన్స్ యుద్ధంలో సేనాని ఆండ్రూ జాక్సన్ (తర్వాత అధ్యక్షుడయ్యాడు) గెలిచిన వార్త, గెంట్‌లో బ్రిటన్‌తో సంధి కుదిరిన వార్త రెండూ వచ్చేశాయి. దేశమంతా పండగ చేసుకుంటున్న వేళ కోర్కెల పత్రం పట్టుకుని వెళ్ళిన పార్టీ మళ్ళీ కోలుకోలేదు.

ఆ ఊపులో 1816లో రెండో జాతీయ బ్యాంకు పెట్టారు. మూలధనం 3 కోట్ల 50 లక్షల డాలర్లు, అందులో అయిదో వంతు ప్రభుత్వానిది. 25 మంది డైరెక్టర్లలో అయిదుగురిని అధ్యక్షుడు నియమిస్తాడు. గడువు 20 ఏళ్ళు. సుంకాల చట్టం ప్రతినిధుల సభలో 88–54తో నెగ్గింది. దాని తరఫున గట్టిగా మాట్లాడినవాళ్ళలో సౌత్ కరోలినా సభ్యుడు జాన్ సి. కాల్హూన్ ఒకడు. ఈ పేరు గుర్తుంచుకోండి. మరుసటి ఏడాది బ్యాంకు నుంచి ప్రభుత్వానికి రావలసిన 15 లక్షల డాలర్లను రోడ్లకు, కాలువలకు కేటాయించే బిల్లు పెట్టిందీ ఆయనే. రోడ్లతో, కాలువలతో రిపబ్లిక్‌ను కట్టిపడేద్దాం, దూరాన్ని జయిద్దాం అని సభలో అన్నాడు. అధ్యక్షుడు మాడిసన్ పదవి దిగే ముందు రోజు, 1817 మార్చి 3న, ఆ బిల్లును వీటో చేశాడు. రోడ్లు వద్దని కాదు, ఆ అధికారం రాజ్యాంగం కాంగ్రెస్‌కు ఇవ్వలేదని.

ఆ వీటో వల్ల జరిగిన పని ఒకటుంది. కేంద్రం డబ్బు రాదని తేలాక న్యూయార్క్ రాష్ట్రం తన సొంత అప్పుతో ఈరీ కాలువ తవ్వింది. 363 మైళ్ళ పొడవు, 40 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు, 83 లాకులు. 1817 జులై 4న మొదలై 1825 అక్టోబరులో పూర్తయింది. ఖర్చు సుమారు 70 లక్షల డాలర్లు. బఫెలో నుంచి న్యూయార్క్‌కు టన్ను సరుకు రవాణాకు దాదాపు 100 డాలర్లు అయ్యేది, అందులో పదో వంతుకు పడిపోయింది. అంతవరకు ఒహాయో గోధుమకు మిసిసిపీ నది మీదుగా న్యూ ఆర్లీన్స్ దాకా దిగడమే దారి. ఇప్పుడు తూర్పుకు ఇంకో దారి తెరుచుకుంది. పడమటి రైతు సరుకు ఏ రేవుకు వెళుతుందో అతని మనసూ, అతని ఓటూ మెల్లగా అటే మళ్ళాయి. కాల్హూన్ బిల్లు నెగ్గి దక్షిణాది తీరానికీ అలాంటి దారులు పడి ఉంటే పడమటి రాష్ట్రాలు ఎటు మొగ్గేవో ఆలోచించండి.

1820లో జేమ్స్ మన్రో అధ్యక్ష పదవికి రెండోసారి పోటీ చేస్తే ఎదురు నిలిచినవాడు లేడు. అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి రాష్ట్రాలు పంపే ఎలక్టర్లు వేసేవి ఎలక్టోరల్ ఓట్లు. పోలైన ఆ 232 ఓట్లలో 231 ఆయనవే. బోస్టన్ పత్రిక ఒకటి ఆ కాలాన్ని సద్భావాల యుగం అని పిలిచింది. ఆ పేరు పుస్తకాల్లో అలాగే స్థిరపడిపోయింది. ఒకే పార్టీ మిగలడాన్ని ఐక్యత అనుకోవడం పెద్ద పొరపాటని నా గట్టి అభిప్రాయం. పార్టీల మధ్య జరగాల్సిన పోట్లాట ప్రాంతాల మధ్యకు మారింది, అంతే. పార్టీ అన్నది ఉంటే అన్ని ప్రాంతాల వాళ్ళనూ ఒక గొడుగు కిందికి తెచ్చి సర్దిచెబుతుంది. అది లేనప్పుడు ఎవరి జిల్లా గొడవ వాళ్ళు సభలోకి నేరుగా మోసుకొస్తారు.

1819లో ఆర్థిక సంక్షోభం వచ్చింది. ప్రభుత్వ భూముల అమ్మకం అప్పటిదాకా అప్పు మీద నడిచేది. ఎకరా 2 డాలర్లు, కనీసం 160 ఎకరాలు కొనాలి, నాలుగో వంతు ముందు కట్టి మిగతాది నాలుగేళ్ళలో తీర్చాలి. పత్తి ధర పౌనుకు 30 సెంట్లు దాటి ఉన్నంతకాలం అందరూ ఎగబడి కొన్నారు. ఇంగ్లండ్‌లోని పత్తి మార్కెట్ లివర్‌పూల్‌లో ధర కూలగానే కిస్తులు ఆగిపోయాయి. అదే సమయంలో జాతీయ బ్యాంకు తన అప్పులు వెనక్కి లాగింది. స్థానిక బ్యాంకులు మూతపడ్డాయి, పడమటి పట్టణాల్లో ఇళ్ళూ స్థలాలూ బ్యాంకు పాలయ్యాయి. 1820లో కాంగ్రెస్ అప్పు పద్ధతి ఎత్తేసి, ఎకరా ధర డాలరుంపావుకు, కనీస కొనుగోలు 80 ఎకరాలకు తగ్గించింది. జాతీయ బ్యాంకు శాఖ మీద మేరీలాండ్ వేసిన పన్ను చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది కూడా 1819లోనే. న్యాయపరంగా కేంద్రానికి అది పెద్ద విజయం. కానీ పొలం పోగొట్టుకున్న రైతు కంటికి అది తన ఇల్లు జప్తు చేసిన బ్యాంకును కాపాడిన తీర్పులా కనిపించింది. జాక్సన్ 1832లో ఆ బ్యాంకు పొడిగింపును వీటో చేసినప్పుడు వచ్చిన హర్షధ్వానాలకు మూలం ఇక్కడుంది.

ఇక మిస్సోరీ. దీనికి ముందు ఒక లెక్క తెలియాలి. ప్రతినిధుల సభలో రాష్ట్రాల సీట్లు జనాభాను బట్టి వస్తాయి. ఆ జనాభాలో బానిసలను అయిదింట మూడు వంతులుగా లెక్కిస్తారు. 60,000 మంది బానిసలుంటే 36,000 మందిగా అన్నమాట. వాళ్ళకు ఓటు లేదు, వాళ్ళ పేరు మీద వచ్చిన సీటు వాళ్ళ యజమానులది. అయినా ఉత్తరాది జనాభా వేగంగా పెరుగుతోంది. 1820 జనగణన తర్వాత సభలో స్వేచ్ఛా రాష్ట్రాలకు, అంటే బానిసత్వం లేని రాష్ట్రాలకు, 123 సీట్లు, బానిస రాష్ట్రాలకు 90. ఇక దక్షిణాదికి మిగిలిన కోట సెనేట్ ఒక్కటే. అక్కడ రాష్ట్రానికి ఇద్దరు. 1819 డిసెంబరులో అలబామా చేరేసరికి అటు 11, ఇటు 11.

1819 ఫిబ్రవరిలో మిస్సోరీని రాష్ట్రంగా చేర్చుకునే బిల్లు వచ్చింది. న్యూయార్క్ సభ్యుడు జేమ్స్ టాల్‌మడ్జ్ రెండు సవరణలు పెట్టాడు. ఇకపై అక్కడికి బానిసలను తేకూడదు. రాష్ట్రం ఏర్పడ్డాక పుట్టే బానిసల పిల్లలకు 25 ఏళ్ళు నిండగానే స్వేచ్ఛ ఇవ్వాలి. అప్పటికే బానిసలుగా ఉన్నవాళ్ళ జోలికి అది పోలేదు. మొదటి సవరణ 87–76, రెండోది 82–78 తేడాతో ప్రతినిధుల సభలో నెగ్గాయి. సెనేట్ రెండింటినీ కొట్టేసింది. ఏడాది పాటు దేశమంతా అదే చర్చ.

1820లో కుదిరిన రాజీని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పేస్తాయి. మిస్సోరీ బానిస రాష్ట్రంగా, మెయిన్ స్వేచ్ఛా రాష్ట్రంగా వస్తాయి, ఫ్రాన్స్ నుంచి 1803లో కొన్న లూయిసియానా ప్రాంతంలో మిగిలిన భూమికి 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండదు. ఇది ఎలా నెగ్గిందో చూస్తేనే దాని బలహీనత అర్థమవుతుంది. మొత్తాన్ని ఒకే బిల్లుగా పెడితే ప్రతినిధుల సభలో నెగ్గదు. అందుకని విడగొట్టి ఓటు వేయించారు. మిస్సోరీ మీద ఆంక్ష తీసేయడం 90–87తో నెగ్గింది. ఉత్తరాది సభ్యుల్లో కొద్దిమంది అటు మళ్ళబట్టే ఆ మూడు ఓట్ల తేడా వచ్చింది. సరిహద్దు గీత మాత్రం 134–42తో నెగ్గింది. ఆ 42 మందిలో ఎక్కువమంది దక్షిణాది వాళ్ళు. అంటే ఒక సగాన్ని గెలిపించిన మెజారిటీ వేరు, ఇంకో సగాన్ని గెలిపించిన మెజారిటీ వేరు. మొత్తం ఒప్పందానికి మనస్ఫూర్తిగా చెయ్యెత్తిన మెజారిటీ ఆ సభలో ఎన్నడూ లేదు.

పైగా గొడవ అక్కడితో ముగియలేదు. స్వేచ్ఛ పొందిన నల్లజాతివాళ్ళు తమ రాష్ట్రంలో అడుగుపెట్టకుండా చూడాలని మిస్సోరీ తన రాజ్యాంగంలో రాసుకుంది. ఒక రాష్ట్రం పౌరులకు ఉన్న హక్కులు ఇంకో రాష్ట్రంలోనూ ఉండాలన్న దేశ రాజ్యాంగానికి ఇది విరుద్ధం. కెంటకీ సభ్యుడు హెన్రీ క్లే ఇంకో సర్దుబాటు చేస్తే గానీ 1821 ఆగస్టులో మిస్సోరీ రాష్ట్రం కాలేదు. మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ అప్పటికి మాంటిచెల్లోలోని తన ఇంట్లో విశ్రాంతిలో ఉన్నాడు. ఈ వివాదం తనను అర్ధరాత్రి అగ్నిప్రమాద గంటలా లేపి భయపెట్టిందని 1820 ఏప్రిల్‌లో ఒక ఉత్తరంలో రాశాడు. ఇంతా చేసి ఈ చర్చ ఎవరి బతుకుల గురించి? మిస్సోరీలో బానిసలుగా ఉన్న సుమారు 10,000 మంది గురించి, దేశం మొత్తంలో ఉన్న 15 లక్షల మంది గురించి. వాళ్ళ మాట సభ రికార్డుల్లో ఎక్కడా లేదు.

1824 ఎన్నిక సంగతి త్వరగా చెప్పి ముందుకు పోతాను. నలుగురు అభ్యర్థులు, నలుగురూ ఒకే పార్టీ, ఎవరి ప్రాంతం వాళ్ళది. జాక్సన్‌కు 99 ఎలక్టోరల్ ఓట్లు, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84, క్రాఫర్డ్‌కు 41, క్లేకు 37. కావలసినవి 131. నిర్ణయం ప్రతినిధుల సభకు వెళ్ళింది, అక్కడ రాష్ట్రానికి ఒక్క ఓటు. క్లే మద్దతుతో 24 రాష్ట్రాల్లో 13 గెలిచి ఆడమ్స్ అధ్యక్షుడయ్యాడు, క్లేను విదేశాంగ మంత్రిని చేశాడు. చీకటి బేరం అన్న కేక జాక్సన్ మనుషులు నాలుగేళ్ళు ఆపలేదు.

ఆ నాలుగేళ్ళ చివర వచ్చింది 1828 సుంకాల చట్టం. దక్షిణాది దానికి పెట్టిన పేరు అసహ్యాల సుంకం. ఆ బిల్లు తయారైన తీరు దగ్గర కాసేపు ఆగుదాం. దాన్ని కూర్చిన కమిటీలో, జాక్సన్ పక్షాన పనిచేస్తున్న న్యూయార్క్ సెనేటర్ మార్టిన్ వాన్ బ్యూరెన్ మనుషులున్నారు. జాక్సన్‌ను గెలిపించాలంటే పెన్సిల్వేనియా, ఒహాయో, కెంటకీ, న్యూయార్క్ కావాలి. దక్షిణాది ఎలాగూ ఆడమ్స్‌కు ఓటెయ్యదు, న్యూ ఇంగ్లండ్ ఎలాగూ జాక్సన్‌కు ఓటెయ్యదు. అందుకని ఆ నడిమి రాష్ట్రాలు పండించే, తవ్వే ముడి సరుకుల మీద సుంకం ఆకాశానికెత్తారు. ఇనుముకు పెంచారు. జనపనారకు టన్నుకు 45 డాలర్ల నుంచి మొదలుపెట్టి ఏటా 5 చొప్పున 60 దాకా. ఉన్నికి పౌనుకు 4 సెంట్లు, దాని మీద మళ్ళీ ఖరీదులో 40 నుంచి 50 శాతం. రమ్ము కాచేవాళ్ళు వెస్టిండీస్ నుంచి తెచ్చుకునే మొలాసిస్‌కు (చెరకు మడ్డికి) గ్యాలనుకు 5 సెంట్లుండేది 10 చేశారు. తెరచాపలకూ మోకులకూ జనపనార, మిల్లులకు ఉన్ని, రమ్ము బట్టీలకు మొలాసిస్, అన్నీ న్యూ ఇంగ్లండ్‌కు కావలసినవే.

దక్షిణాది సభ్యులు ఒక ఎత్తు వేశారు. బిల్లును మెత్తబరిచే ప్రతి సవరణనూ ఓడిద్దాం, అది న్యూ ఇంగ్లండ్‌కు మింగుడుపడకుండా ఉంచుదాం, చివరి ఓటింగులో వాళ్ళూ మనతో కలిసి కొట్టేస్తారు అని. ఎత్తు బెడిసికొట్టింది. సెనేట్‌లో ఉన్ని బట్ట మీద సుంకం పెంచే సవరణ వాన్ బ్యూరెన్ ఓటుతో సహా నెగ్గింది. దాంతో మసాచుసెట్స్ సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్ అనుకూలమయ్యాడు. 1824లో ఇలాంటి బిల్లుకే వ్యతిరేకంగా ఓటేసిన మనిషి ఆయన. ప్రతినిధుల సభలో 105–94, సెనేట్‌లో 26–21. మే 19న ఆడమ్స్ సంతకం పెట్టాడు. ఈ బిల్లుతో తయారయ్యే సరుకు ఒక్కటే, దేశాధ్యక్షుడు అని వర్జీనియా సభ్యుడు జాన్ రాండాల్ఫ్ అన్న మాట అక్షరాలా నిజం. అన్నట్టు, మనం మొదట చూసిన 25 సెంట్ల హద్దు 1824లో 30, ఈ చట్టంలో 35 అయింది.

ఇక్కడికి కాల్హూన్, వెబ్‌స్టర్ ఒకరి చోటుకు ఒకరు వచ్చి నిలబడ్డారు. 1816లో సుంకాలు అడిగిన కాల్హూన్ ఇప్పుడు ఉపాధ్యక్షుడిగా ఉంటూనే, పేరు బయటపెట్టకుండా, సౌత్ కరోలినా శాసనసభ కోసం ఒక సిద్ధాంత పత్రం రాశాడు. రాజ్యాంగం రాష్ట్రాలు కలిసి చేసుకున్న ఒడంబడిక, అది ఇవ్వని అధికారంతో కేంద్రం చట్టం చేస్తే ఆ చట్టం తన గడ్డ మీద చెల్లదని ఏ రాష్ట్రమైనా ప్రకటించవచ్చు అని దాని సారం. ఇంగ్లీషులో నల్లిఫికేషన్ అంటారు. మనం చెల్లనివ్వకపోవడం అనుకుందాం. మాటలు మార్చింది మనుషుల స్వభావం కాదు. మసాచుసెట్స్ డబ్బు ఓడల నుంచి మిల్లులకు మారింది, సౌత్ కరోలినా పొలాల్లో సారం తగ్గింది.

సౌత్ కరోలినా ఫిర్యాదులో నిజమెంత? అక్కడి సభ్యుడు జార్జ్ మెక్‌డఫీ ఒక లెక్క ప్రచారం చేశాడు. సుంకం 40 శాతం కాబట్టి రైతు పండించిన 100 బేళ్ళ పత్తిలో 40 బేళ్ళు సుంకమే మింగేస్తోందని. ఈ లెక్క తప్పు. దిగుమతి సుంకం సరుకు కొన్న ప్రతివాడి మీదా పడుతుంది, న్యూయార్క్ వాడి మీదా పడుతుంది. పత్తి ఎగుమతి చేసినవాడే మొత్తం భరించడు. అయితే అందులో ఒక నిజం లేకపోలేదు. పత్తి ధర లివర్‌పూల్‌లో తేలుతుంది, రైతు తన ఖర్చు పెరిగిందని ధర పెంచుకోలేడు. కొనేవన్నీ పెరిగిన ధరకు కొనాలి, అమ్మేది మాత్రం ప్రపంచ ధరకు అమ్మాలి. కానీ పౌను ధర 30 సెంట్ల నుంచి 10 సెంట్ల దగ్గరికి జారడానికి ముఖ్య కారణం సుంకం కాదు. అలబామా, మిసిసిపీల్లో కొత్తగా సాగులోకి వచ్చిన నల్లరేగడి నేలలు. వాటితో సౌత్ కరోలినా అరిగిన నేలలు పోటీపడలేకపోయాయి. ఆ కొత్త నేలల వైపు సొంత రాష్ట్రం జనమే బానిసలను వెంటబెట్టుకుని తరలిపోయారు. కనబడని శత్రువు కంటే కనబడే శత్రువు మీద కోపం తెచ్చుకోవడం సులువు.

ఇంకా లోతైన భయం ఒకటుంది. 1830 జనగణన ప్రకారం సౌత్ కరోలినాలో 5,81,185 మంది ఉంటే, 3,15,401 మంది బానిసలు. సగానికి పైగా. 1822లో చార్లెస్టన్‌లో డెన్మార్క్ వెసీ అనే స్వేచ్ఛ పొందిన నల్లజాతి వడ్రంగి తిరుగుబాటు తలపెట్టాడని 35 మందిని ఉరితీశారు. ఆ డిసెంబరులో, ఓడల్లో వచ్చే నల్లజాతి నావికులను ఓడ రేవులో ఉన్నన్నాళ్ళూ జైల్లో పెట్టాలని చట్టం చేశారు. అది ఒప్పందాలకు విరుద్ధమని బ్రిటన్ అభ్యంతరం చెప్పింది, సమాఖ్య న్యాయమూర్తి తప్పన్నాడు, రాష్ట్రం లెక్కచేయలేదు. రాజ్యాంగానికి విస్తారమైన అర్థం చెప్పి సుంకాలు వేయగలిగిన కాంగ్రెస్ రేపు అదే అర్థంతో బానిసత్వం మీదా చెయ్యి వేస్తుందన్నది వాళ్ళ అసలు దిగులు. ఇది నా ఊహ కాదు. 1830 సెప్టెంబరులో కాల్హూన్ ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో సుంకం ఒక సందర్భమే గానీ అసలు కారణం కాదని, కారణం దక్షిణ రాష్ట్రాల ప్రత్యేక వ్యవస్థ అని ఆయనే ఒప్పుకున్నాడు. ప్రత్యేక వ్యవస్థ అంటే బానిసత్వానికి వాళ్ళు పెట్టుకున్న మర్యాదపేరు. దక్షిణాది పోరాడింది రాష్ట్రాల హక్కుల కోసమా, బానిసత్వం కోసమా అని ఈనాటికీ అడిగేవాళ్ళున్నారు. ఆ ప్రశ్నకు జవాబు ఆ ఉత్తరంలో ఉంది.

1832 జులైలో సుంకాలు కొంత తగ్గించారు. సౌత్ కరోలినాకు అది చాలలేదు. నవంబరు 24న కొలంబియాలో ప్రత్యేక సభ 136–26తో ప్రకటించింది: 1828, 1832 సుంకాలు 1833 ఫిబ్రవరి 1 నుంచి ఈ రాష్ట్రంలో చెల్లవు.

ఒక చట్టాన్ని చెల్లకుండా చేయడం ఆచరణలో ఎలా? అప్పట్లో దిగుమతిదారు సుంకం అక్కడికక్కడే నగదుగా కట్టేవాడు కాదు. ఇన్ని నెలల్లో కడతానని పూచీపత్రం రాసిచ్చి సరుకు విడిపించుకునేవాడు. కట్టకపోతే ప్రభుత్వం దావా వేయాలి, జ్యూరీలో కూర్చునేది స్థానికులే. అధికారి సరుకు జప్తు చేస్తే, దాన్ని తిరిగి రాబట్టుకునేందుకు యజమాని రాష్ట్ర కోర్టుకు వెళ్ళేలా రాష్ట్రం ఇంకో చట్టం చేసింది. ప్రకటనకు కట్టుబడతామని అధికారులూ జ్యూరీ సభ్యులూ ప్రమాణం చేయాలి. సుప్రీంకోర్టుకు అప్పీలు కుదరదు. ఒక్క తూటా పేలకుండా సుంకాల వసూలును కోర్టు కాగితాలతో ఆపేసే ఏర్పాటు ఇది. చాలా తెలివైన ఏర్పాటు.

జాక్సన్ వైపు వేసిన ఎత్తు అంతకంటే తెలివైనది. డిసెంబరు 10న ఆయన విడుదల చేసిన ప్రకటన అందరికీ తెలిసిందే, ఆయుధాలతో విడిపోవడం దేశద్రోహమే అన్నాడు. నన్ను ఆకట్టుకునేది మాత్రం, సుంకాలు వసూలు చేయడానికి బలం వాడే అధికారం ఆయన కోరిన బిల్లు, అంటే బలప్రయోగ బిల్లు, మొదటి భాగం. సుంకాల కార్యాలయాన్ని ఊళ్ళోంచి తీసేసి రేవులోని కోటలోకో, ఓడ మీదికో మార్చవచ్చు. సరుకును అక్కడే ఆపి, సుంకం నగదుగా కట్టాకే వదలాలి. గడువు దొరకనందుకు ఆ మేరకు వడ్డీ తగ్గించి తీసుకుంటారు. పూచీపత్రమే లేనప్పుడు దావా లేదు, దావా లేనప్పుడు జ్యూరీ లేదు. నీళ్ళ మీద ఉన్న ఓడలోంచి సరుకు లాక్కోవాలంటే మొదటి తూటా సౌత్ కరోలినాయే పేల్చాలి. ఆ బిల్లు సెనేట్‌లో 32–1తో నెగ్గింది. వ్యతిరేక ఓటు వర్జీనియాకు చెందిన జాన్ టైలర్‌ది. కాల్హూన్ వర్గం ఓటింగుకు ముందే బయటికి వెళ్ళిపోయింది.

దానితో పాటే క్లే, కాల్హూన్ కలిసి రాజీ సుంకం తెచ్చారు. 20 శాతానికి మించిన భాగంలో పదో వంతు చొప్పున 1833, 1835, 1837, 1839 డిసెంబరు చివర్లలో తగ్గాలి. మిగిలినదానిలో సగం 1841 చివర, ఆ మిగతా సగం 1842 జూన్ 30న పోవాలి. 50 శాతం సుంకాన్ని ఉదాహరణగా తీసుకోండి. ఎక్కువైన భాగం 30. అది 47, 44, 41, 38 అవుతుంది. ఎనిమిదేళ్ళలో తగ్గింది పన్నెండే. చివరి ఆరు నెలల్లో 29, ఆపైన ఒక్కసారిగా 20. మిల్లుల యజమానులకు తగ్గింపు దూరంగా ఉంది, సౌత్ కరోలినాకు చేతిలో కాగితం ఉంది. ఇద్దరూ ఇంటికెళ్ళి గెలిచామని చెప్పుకోగలిగారు. 20 శాతానికి దిగిన రెండు నెలలకు, 1842 ఆగస్టు 30న, కాంగ్రెస్ మళ్ళీ సుంకాలు పెంచింది. సౌత్ కరోలినా సభ 1833 మార్చిలో సుంకాల మీది ప్రకటన వెనక్కి తీసుకుంది, మూడు రోజులకు అదే సభ బలప్రయోగ చట్టం చెల్లదని తీర్మానించింది. సుంకం గొడవ సద్దుమణిగింది గానీ సిద్ధాంతాన్ని వాళ్ళు వదులుకోలేదు.

(సభలోంచి ప్రశ్న: మిగతా పత్తి రాష్ట్రాలు సౌత్ కరోలినాతో ఎందుకు కలవలేదు? పక్కనున్న జార్జియా కూడా?)

మంచి ప్రశ్న. జార్జియాకు కేంద్రం నుంచి కావలసింది అందింది. చెరోకీలనే ఆదివాసీ తెగ భూములు. 1830 మేలో ఆదివాసులను మిసిసిపీకి పడమటికి తరలించే చట్టం ప్రతినిధుల సభలో 102–97 తేడాతో నెగ్గింది. చెరోకీలకు రాతలో సొంత భాష, సొంత రాజ్యాంగం, సొంత పత్రిక ఉన్నాయి, అయినా జార్జియా తన చట్టాలను వాళ్ళ నేల మీద రుద్దింది. రాష్ట్ర అనుమతి లేకుండా అక్కడ ఉన్నందుకు శామ్యూల్ ఉస్టర్, ఎలైజర్ బట్లర్ అనే మిషనరీలకు నాలుగేళ్ళ కఠిన శిక్ష వేసింది. 1832 మార్చిలో సుప్రీంకోర్టు ఆ చట్టాలు చెల్లవంది. జార్జియా తీర్పును పట్టించుకోలేదు, మిషనరీలను వదల్లేదు, పైగా ఆ ఏడాదే చెరోకీ భూములను లాటరీ వేసి తన పౌరులకు పంచింది. సౌత్ కరోలినా కాగితం మీద రాసింది జార్జియా చేతల్లో చేసి చూపించింది. జాక్సన్ వేలెత్తలేదు. సమాఖ్యను కాపాడిన ధీరుడని ఆయనను పొగిడేటప్పుడు ఈ పేజీ కూడా తెరిచి చదవాలని నేను పట్టుబడతాను. 1838లో సుమారు 16,000 మంది చెరోకీలను తరిమేశారు, దారిలోనూ శిబిరాల్లోనూ దాదాపు 4,000 మంది చనిపోయారని అంచనా.

అయితే 1832 చివర్లో జాక్సన్ మనుషులకు ఒక చిక్కొచ్చింది. కోర్టు ఆ తీర్పు అమలు చేయమని మళ్ళీ అడిగితే, జార్జియా వెళ్ళి సౌత్ కరోలినా పక్కన నిలబడుతుంది. అందుకని గవర్నర్ విల్సన్ లంప్కిన్‌కు లోపాయికారీగా నచ్చజెప్పారు, మిషనరీల పక్షాన కేసు ముందుకు నడపకుండా అటువైపూ ఒప్పించారు. 1833 జనవరి 14న వాళ్ళిద్దరినీ మిల్లెడ్జ్‌విల్ జైలు నుంచి వదిలేశారు. సరిగ్గా రెండు రోజులకు, జనవరి 16న, సౌత్ కరోలినా మీద బలప్రయోగానికి అధికారం ఇమ్మని జాక్సన్ కాంగ్రెస్‌కు సందేశం పంపాడు.